దిగుబడి ఒక్కటే చాలదు, మిగిలినదాని లెక్క కూడా రాద్దాం



కెమిస్ట్రీ పేరు చూడగానే పక్క కాయితం మీదున్న పొడుపు కథల దగ్గరికి పోకండి. ఇది పరీక్షల కెమిస్ట్రీ కాదు, ఒక తగువు. ల్యాబ్‌లో ఏదైనా పదార్థం తయారుచేసిన ప్రతిసారీ మన రికార్డులో చివర ఒక్క లైను రాస్తున్నాం: "దిగుబడి ఇంత శాతం". ఎక్కువ శాతం వచ్చినవాడు మొనగాడు, తక్కువ వచ్చినవాడు అజాగ్రత్త మనిషి. ఆ ఒక్క లైను సగం నిజమే చెబుతుందని నా అభిప్రాయం. దాని కింద ఇంకో రెండు లైన్లు రాయాలని నా వాదన. ఎందుకో వివరంగా చెబుతాను. చదివిన తర్వాత కూడా ఒప్పుకోకపోతే వచ్చే సంచికలో మీరు జవాబు రాయండి.

ముందుగా చింతపండు

ఎండాకాలం ఇంటి దగ్గర మనలో చాలామంది చింతపండు కొట్టినవాళ్లమే. చెట్టు దులిపి కాయ తెస్తాం. పెంకు తీస్తాం, పీచు లాగుతాం, గింజ తీస్తాం. మిగిలిన గుజ్జు సంతకో, జి.సి.సి. డిపోకో పోతుంది. ఈ పనిలో రెండు వేరు వేరు లెక్కలు దాగి ఉన్నాయి.

100 కిలోల కాయలో 50 కిలోల గుజ్జు ఉందనుకుందాం. లెక్క సులువు కోసం అనుకుంటున్నా, చెట్టును బట్టి మారుతుంది. అమ్మ కొట్టి తీసేసరికి 45 కిలోలు వచ్చింది. మిగిలిన 5 కిలోలు గింజకు అంటుకుని కొంత, పీచుతో కొంత పోయింది. అంటే రావలసిన 50లో 45 వచ్చింది, దిగుబడి 90 శాతం. ఇది చేతి పని లెక్క. జాగ్రత్త పెరిగితే ఇదీ పెరుగుతుంది.

మరి గుజ్జు కాని ఆ 50 కిలోల సంగతి? అమ్మ ఎంత జాగ్రత్తపడినా పెంకు గుజ్జు కాదు, గింజ గుజ్జు కాదు. అది అమ్మ చేతిలో లేదు, కాయ పుట్టుకలోనే ఉంది. 100లో 50 అనేది కాయ లెక్క.

రసాయన చర్యలో కూడా అచ్చం ఇలాగే రెండు లెక్కలు ఉంటాయి. చేతి పని లెక్క పేరు శాతపు దిగుబడి. కాయ లెక్క పేరు ఆటమ్ ఎకానమీ, మన మాటల్లో పరమాణు పొదుపు. ఒక్క తేడా ఉంది. చింతచెట్టును మనం మార్చలేం. రసాయన శాస్త్రం చదివినవాడు మాత్రం ఏ చెట్టు కాయ కొట్టాలో ఎంచుకోగలడు. ఒకే పదార్థాన్ని రెండు మూడు దారుల్లో చేయవచ్చు. ఏ దారిలో పెంకు తక్కువో చూసుకుని దిగవచ్చు. నా వాదనకు మూలం ఇదే.

రెండు లెక్కలూ ఎలా కట్టాలి?

శాతపు దిగుబడి మనందరికీ తెలిసిందే. నిజంగా చేతికొచ్చిన బరువును, సమీకరణం ప్రకారం రావలసిన బరువుతో భాగించి 100తో గుణించాలి. రావలసిన బరువు తేలాలంటే ఏ పదార్థం ముందుగా అయిపోతుందో చూడాలి. విస్తరికి 6 అడ్డాకులు కావాలనుకోండి. 60 ఆకులే ఉంటే ఈనుపుల్లలు కట్టలకొద్దీ ఉన్నా 10 విస్తళ్లే వస్తాయి. ఇక్కడ ఆకులే లిమిటింగ్ రియేజెంట్. లెక్క దానితోనే కట్టాలి.

ఆటమ్ ఎకానమీకి త్రాసు కూడా అక్కర్లేదు. తుల్యం చేసిన సమీకరణం ఉంటే చాలు. మనకు కావలసిన పదార్థం అణుభారాన్ని, క్రియలోకి దిగిన పదార్థాలన్నిటి అణుభారాల మొత్తంతో భాగించి 100తో గుణించాలి. సమీకరణంలో ముందున్న సంఖ్యలతో గుణించడం మరవకూడదు. లోపలికి పోయిన పరమాణువుల బరువులో ఎంత మనకు కావలసిన దాంట్లోకి చేరింది, ఎంత పక్కకు పోయింది అన్నదే ఇది చెప్పేది.

ఈ ఆలోచనను పేరు పెట్టి ముందుకు తెచ్చినవాడు అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన బారీ ట్రోస్ట్. 1991లో "సైన్స్" పత్రికలో వ్యాసం రాశాడు. పదార్థం నశించదని కింది తరగతుల్లోనే చదివాం గదా. నశించనప్పుడు, సరుకులోకి రానిదంతా ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. అంత చిన్న మాటలో అంత పెద్ద ప్రశ్న ఉంది.

సున్నం గొప్పదా, పటిక గొప్పదా?

ఇప్పుడు పోటీ పెడదాం. ఒకడు సున్నపురాయి కాల్చాడు, ఇంకొకడు పటిక స్ఫటికాలు చేశాడు.

సున్నం లెక్క:

కాల్షియం కార్బొనేట్ (100) → కాల్షియం ఆక్సైడ్ (56) + కార్బన్ డయాక్సైడ్ (44)

రాయి శుద్ధమైనదే అనుకుందాం. 100 కిలోలు కాలిస్తే 56 కిలోల సున్నం రావాలి. మనవాడికి 53.2 కిలోలు వచ్చింది. దిగుబడి 95 శాతం! రికార్డులో మంచి మార్కు. అయితే ఆటమ్ ఎకానమీ 56 శాతమే. పని ఎంత బాగా చేసినా 44 కిలోలు బట్టీ పై నుంచి గాలిలోకి పోవలసిందే. కాల్చిన బొగ్గు, కట్టెల పొగ దీనికి అదనం.

పటిక లెక్క:

పొటాషియం సల్ఫేట్ (174) + 18 నీటి అణువులతో ఉన్న అల్యూమినియం సల్ఫేట్ (666) + 6 నీటి అణువులు (108) → పటిక (948)

174, 666, 108 కూడితే 948. లోపలికి పోయిందంతా పటికలోనే ఉంది. ఆటమ్ ఎకానమీ 100 శాతం. 1.74 గ్రాముల పొటాషియం సల్ఫేటుకు 6.66 గ్రాముల అల్యూమినియం సల్ఫేటు కలిపితే 9.48 గ్రాముల పటిక రావాలి. వడగట్టి ఆరబెట్టి తూచితే 6.6 గ్రాములు వచ్చిందనుకోండి, దిగుబడి దాదాపు 70 శాతం. సున్నంవాడి 95 ముందు ఇది చిన్నబోయినట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు రెండు శాతాలూ గుణించి చూడండి. అన్నీ లెక్క ప్రకారం సరిపడా తీసుకుంటే, లోపల వేసిన మొత్తం బరువులో ఎంత సరుకైందో వస్తుంది. సున్నానికి 95లో 56 శాతం, అంటే సుమారు 53. పటికకు 70లో 100 శాతం, అంటే 70. మరి ఎవడు గొప్ప? పైగా పటికవాడికి రాని 30 శాతంలో ఎక్కువ భాగం గాజుపాత్రలోని మాతృద్రావణంలోనే కరిగి ఉంది. ఇంకాస్త ఇగరబెట్టి చల్లారిస్తే మళ్లీ కొంత వస్తుంది. సున్నంవాడి 44 కిలోలు మాత్రం కొండ దాటి పోయాయి.

సున్నాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. సున్నానికి నీళ్లు పోస్తే తడిసిన సున్నం అవుతుంది, 56కు 18 కలిపితే 74, అది 100 శాతం పొదుపు. ఆ సున్నం గోడకు వేస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడును మెల్లగా పీల్చుకుని మళ్లీ కాల్షియం కార్బొనేటుగా గట్టిపడుతుంది. అంటే వెల్ల వేసిన గోడ, బట్టీ వదిలిన 44లో కొంత వెనక్కి తెచ్చుకుంటుంది. కట్టెలూ బొగ్గూ కాల్చినది మాత్రం రాదు. రెండో లెక్క వేస్తేనే ఇదంతా కంటికి కనబడుతుంది. "దిగుబడి 95 శాతం" అని ఊరుకుంటే కనబడదు.

ఒక మందు బిళ్ల కథ

ఒళ్లు నొప్పులకు, జ్వరానికి ఇచ్చే ఇబుప్రొఫేన్ బిళ్ల పేరు వినే ఉంటారు. దాన్ని 1960లలో ఇంగ్లాండులో బూట్స్ కంపెనీ కనిపెట్టింది. వాళ్ల పద్ధతిలో 6 మెట్లు. లోపలికి పోయే పదార్థాల అణుభారాలు మొత్తం కూడితే 514.5. ఇబుప్రొఫేన్ అణుభారం 206. భాగిస్తే 40 శాతం. ఆరు మెట్లలో ఒక్క చుక్క ఒలకకుండా, ప్రతి మెట్టులో 100 శాతం దిగుబడి తెచ్చినా, 100 కిలోల సరుకులో 60 కిలోలు చెత్తకిందే లెక్క.

తర్వాత బి.హెచ్.సి. అనే కంపెనీ ఇంకో దారి వెతికింది. 1992లో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో బిషప్ అనే ఊళ్లో ఫ్యాక్టరీ మొదలైంది. ఇందులో 3 మెట్లే. మొదటి పదార్థం పాత పద్ధతిలోదే, ఐసోబ్యూటైల్ బెంజీన్. లెక్క మనమే వేసుకోవచ్చు:

ఐసోబ్యూటైల్ బెంజీన్ (134) + అసిటిక్ ఎన్‌హైడ్రైడ్ (102) + హైడ్రోజన్ (2) + కార్బన్ మోనాక్సైడ్ (28) → ఇబుప్రొఫేన్ (206) + అసిటిక్ ఆమ్లం (60)

ఎడమవైపు మొత్తం 266. 206ను 266తో భాగిస్తే 77 శాతం. మిగిలిన అసిటిక్ ఆమ్లాన్ని పారబోయకుండా పట్టి వాడుకుంటే పొదుపు దాదాపు పూర్తి అవుతుంది. చింతగింజ కూడా పారెయ్యకుండా అమ్ముకున్నట్టన్నమాట. ఈ పద్ధతికి 1997లో అమెరికా ప్రభుత్వపు గ్రీన్ కెమిస్ట్రీ బహుమతి వచ్చింది.

మెట్లు తగ్గితే దిగుబడికి కూడా మేలే. ప్రతి మెట్టులోనూ 90 శాతం వస్తుందనుకుంటే 6 మెట్లు దాటేసరికి చివరకు మిగిలేది 53 శాతం. 3 మెట్లకైతే 73 శాతం. బిళ్ల అదే, నొప్పి తగ్గించే గుణం అదే. మారింది దారి. పాత పద్ధతిలో పనిచేసినవాళ్లు తెలివి తక్కువవాళ్లేం కాదు. "ఎంత వచ్చింది" అని ఒక్కటే అడిగినంత కాలం ఎవరైనా ఉన్న దారినే సాఫు చేసుకుంటారు. "ఎంత పోయింది" అని అడిగినప్పుడే కొత్త దారి కోసం వెతుకుతారు.

మిగిలింది ఎక్కడికి పోతుంది?

ఇది లెక్కల పుస్తకంలో ఆగిపోయే సంగతి అయితే నేను ఇంత పెద్ద కాయితం తీసుకునేదాన్ని కాదు. రోజర్ షెల్డన్ అనే శాస్త్రవేత్త 1990లలో ఇంకో కొలత పెట్టాడు: కిలో సరుకుకు ఎన్ని కిలోల వ్యర్థం? మందుల పరిశ్రమలో కిలో మందుకు 25 నుంచి 100 కిలోలు, ఆపైన కూడా ఉంటుందని ఆయన పట్టిక చెప్పింది. వాడిన ద్రావణులు, కడిగిన లవణాలు అన్నీ అందులో ఉంటాయి.

ఆ మందులు చేసే చోటు మనకు దూరమేం కాదు. హైదరాబాదు పక్కన పటాన్‌చెరు ఉంది. అక్కడ సుమారు 90 మందుల కంపెనీల మురుగునీటిని శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటకు వచ్చిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా అది ఎక్కువ. అలాంటి నీళ్లలో పెరిగిన బాక్టీరియా మందుకు లొంగకుండా తయారవుతుంది. తర్వాత ఆ మందు రాసిచ్చినా రోగం తగ్గదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ నీళ్లలో ఉన్నది పక్కన పుట్టిన చెత్త కాదు, సాక్షాత్తు సరుకే. అంటే దిగుబడిలో పోయిన భాగం. కనుక దిగుబడి లెక్క వద్దని నేను అనడం లేదు. 95 శాతం అని మనం సంతోషించినప్పుడు ఆ మిగిలిన 5 శాతం ఏ వాగులో ఉంది అని అడగమంటున్నాను. పొదుపు తక్కువైనా వాగులోకే, దిగుబడి తక్కువైనా వాగులోకే. వాగు కిందనే మనుషులుంటారు, పశువులుంటాయి. వాగు నీళ్లు తాగి పెరిగిన మనకు ఇది ఇంకొకరు చెప్పాలా?

నాతో వాదించేవాళ్లకు

మొదటి మాట: "పరీక్షలో అడగరు, మనకెందుకు?" అంటారు. రెండో లైను రాయడానికి పట్టేది రెండు నిమిషాలు. పైగా మోలు లెక్కల్లో తడబడేవాళ్లకు ఇది మంచి అభ్యాసం. సమీకరణం తుల్యం చేయనిదే ఈ లెక్క రాదు, ముందున్న సంఖ్య మరిచిపోతే వెంటనే తేడా కనబడుతుంది. అడిగే ప్రశ్నలకు కూడా ఇదే సాయం. గ్రీన్ కెమిస్ట్రీకి పాల్ అనస్టాస్, జాన్ వార్నర్ 1998లో రాసిన 12 సూత్రాల్లో రెండోది ఇదే.

రెండో మాట కొంచెం గట్టిది: "ఆటమ్ ఎకానమీ కూడా మొత్తం నిజం చెప్పదు గదా!" ఒప్పుకుంటాను. అది బరువు చూస్తుంది, విషం చూడదు. 44 గ్రాముల ఉప్పు మిగిలినా, 44 గ్రాముల పాదరసపు లవణం మిగిలినా దానికి ఒక్కటే. ఉత్ప్రేరకాన్ని, ద్రావణిని, కాల్చిన బొగ్గును లెక్కపెట్టదు. ఆ కొత్త ఇబుప్రొఫేన్ పద్ధతిలో కూడా హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాడతారు. మళ్లీ మళ్లీ పట్టి వాడుకుంటారు కాబట్టి వ్యర్థం కాదు, కానీ మనిషి ఒంటికి తగిలితే ప్రాణాంతకం. అది సమీకరణంలో ఎక్కడా కనబడదు.

లెక్క ఎక్కడ మొదలుపెట్టామన్నది కూడా ముఖ్యమే. నైట్రోజన్, హైడ్రోజన్ కలిపి అమ్మోనియా చేసే హేబర్ పద్ధతి చూడండి. 28కి 6 కలిపితే 34, పొదుపు 100 శాతం. ఒక్కసారి ఉత్ప్రేరకం మీదుగా పోతే మారేది సుమారు 15 శాతమే అయినా, మారని వాయువులను తిప్పి తిప్పి పంపి దాదాపు అంతా అమ్మోనియా చేస్తారు. బాగుంది. మరి ఆ హైడ్రోజన్ ఎక్కడిది? సహజవాయువును ఆవిరితో కలిపి చేస్తే మీథేన్ 16, నీరు 36, మొత్తం 52లో హైడ్రోజన్ 8, కార్బన్ డయాక్సైడ్ 44. పొదుపు 15 శాతం! ముందు మెట్టు దాచిపెడితే 100, చూపిస్తే కథ వేరు. యూరియా ఫ్యాక్టరీల్లో ఆ కార్బన్ డయాక్సైడునే పట్టి అమ్మోనియాతో కలిపి యూరియా చేస్తారు. మిగిలినదాన్ని ఎదురుగా పెట్టుకుని ఆలోచించినవాళ్లకే ఇలాంటి తెలివి వస్తుంది.

కాబట్టి రెండో లైను ఒక్కటీ చాలదని నేనే అంటున్నాను. అందుకే మూడో లైను కూడా అడుగుతున్నాను.

నా ప్రతిపాదన

ఇకనుంచి పదార్థం తయారుచేసిన ప్రతి ప్రయోగం చివర మూడు లైన్లు రాద్దాం.

1. దిగుబడి ఎంత శాతం?
2. ఆటమ్ ఎకానమీ ఎంత శాతం?
3. మిగిలినవి ఏమిటి, ఎక్కడికి పోయాయి?

మూడో దానికి లెక్క లేదు, నిజం రాస్తే చాలు. "సింకులో పోశాం" అయితే అదే రాద్దాం. సింకు గొట్టం ఎటు పోతుందో, ఆ నీళ్లు ఏ మడిలో ఇంకుతాయో వెళ్లి చూసి రాద్దాం. అలా రాయడం మొదలుపెడితే రెండోసారి పోసే ముందు చెయ్యి కాస్త ఆగుతుంది. పటిక మాతృద్రావణం పారబోయకుండా ఇంకో బ్యాచికి ఇవ్వవచ్చు గదా అనిపిస్తుంది. ఆమ్లం మిగిలితే సున్నపు నీళ్లతో తటస్థం చేసి పోద్దామనిపిస్తుంది.

సబ్బుతో ఒక ఉదాహరణ చెప్పి ముగిస్తాను. ఇప్పనూనెతో సబ్బు చేయవచ్చని మనకు తెలుసు. నూనెలో ఉండే ఒలీక్ ఆమ్లపు కొవ్వును లెక్కకు తీసుకుంటే కొవ్వు 884, మూడు సోడియం హైడ్రాక్సైడ్ అణువులు 120, మొత్తం 1004. సబ్బు 912, గ్లిజరిన్ 92. సబ్బు ఒక్కటే సరుకనుకుంటే పొదుపు 91 శాతం. గ్లిజరిన్ కూడా పనికొచ్చేదే, మందుల్లో వాడతారు. దాన్నీ తీసుకుంటే 100 శాతం. పోయేది ఏమీ లేదు. గింజ పగలగొట్టి, నూనె తీసి, ఆ తెలకపిండిని కూడా పొలానికి వేసే మన ఊళ్ల పెద్దలకు ఈ రెండో లెక్క పేరు తెలియకపోవచ్చు గానీ సంగతి తెలుసు. చదువుకున్న మనం దాన్ని రికార్డు పుస్తకంలో రాయడానికి వెనకాడితే ఎలా?

రేపు మనలో ఎవరో ఒకరు మందుల ఫ్యాక్టరీలో కెమిస్టు అవుతారు. పై అధికారి "ఎంత వచ్చింది?" అని అడుగుతాడు. ఆ రోజు "ఇంత వచ్చింది, ఇంత మిగిలింది, అది ఫలానా చోట ఉంది" అని జవాబు చెప్పే అలవాటు ఇక్కడే, ఈ ల్యాబ్‌లోనే పడాలి.

మీ అభిప్రాయాలు రాసి సంపాదకవర్గానికి ఇవ్వండి. కాదనేవాళ్లు లెక్కతో సహా కాదనండి!

ఇంటర్ రెండో సంవత్సరం బై.పి.సి. విద్యార్థిని